కండక్టరు గారి పెళ్ళి లాల్చీ

కీర్తన వాళ్ళ నాన్న తన పెళ్ళి సంగతి ఫోనులో చెప్పిన తీరు చూస్తే, ఎవరో దూరపు చుట్టాల పెళ్ళి గురించి చెబుతున్నట్టే ఉంది. ముందు బాపట్లలో ఎండలు మండిపోతున్నాయన్నాడు. తర్వాత డిపోకు కొత్త మేనేజరు వచ్చాడన్నాడు. చివరికి గొంతు సవరించుకుని, "మే పద్దెనిమిది, గురువారం. మొన్న ఆదివారం పాస్టరు గారు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివేశారమ్మా" అన్నాడు.

"మంచిది నాన్నా" అంది కీర్తన.

యిర్మీయా ఆర్టీసీలో కండక్టరు. యాభై రెండేళ్ళ మనిషి. భార్య లీల కిడ్నీల జబ్బుతో పోయి నాలుగేళ్ళయింది. ఒక్కగానొక్క కూతురు కీర్తన గుంటూరులో నర్సింగు చదివి, ఏడాదిన్నర కిందట సౌదీలో ఖమీస్ ముషైత్ ఆసుపత్రికి వచ్చింది. బయల్దేరిన రోజున హైదరాబాదు ఎయిర్‌పోర్టులో, పెట్టె చేతికందిస్తున్న తండ్రిని చూసి జాలేసి, "ఒక్కడివే ఎన్నాళ్ళు వండుకు తింటావు నాన్నా, ఎవరినైనా చూసుకో" అంది. మాటవరసకు అన్న మాట. ఆయన అప్పుడు నవ్వేసి ఊరుకున్నాడు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడని ఆమె అనుకోలేదు. తీరా నిజంగానే చూసుకున్నాక, సంతోషపడాలని ఎంత అనుకున్నా లోపల ఏదో కలుక్కుమంటూనే ఉంది.

పెళ్ళికూతురి పేరు షాలిని. బాపట్లకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెటూరి బడిలో టీచరు. తమ్ముళ్ళ చదువులు, తల్లి జబ్బు చూసుకుంటూ నలభై మూడేళ్ళు వచ్చేదాకా పెళ్ళి లేకుండా ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలోనే పెరిగిన కీర్తన ఆమెను ఒకటి రెండుసార్లు చూసి ఉంటుందేమో గాని, ముఖం గుర్తు లేదు.

"నువ్వెటూ రాలేవుగా" అన్నాడు తండ్రి.

"రెండేళ్ళు నిండితే గాని సెలవివ్వరు నాన్నా. నవంబరు దాకా ఆగాలి."

"తెలుసులే. ఆర్భాటమేం లేదు. పాస్టరు గారు, మనవాళ్ళు ఓ పాతికమంది. కొత్త బట్టలు కూడా వద్దనుకున్నా. నా పాత కోటు ఉందిగా, ఇస్త్రీ చేయించుకుంటే సరిపోద్ది."

ఆ కోటు కీర్తన కళ్ళ ముందు మెదిలింది. ముదురు నీలం రంగుది. లీలతో పెళ్ళికి కుట్టించుకున్నది. ఇంట్లో గోడ మీది ఫోటోలో లీల పక్కన ఆయన ఆ కోటు తొడుక్కుని, ఊపిరి కూడా పీల్చనట్టు బిగుసుకుని నిలబడి ఉంటాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా బీరువాలో కలరా ఉండల మధ్య ఉండిపోయి, లీలను సమాధి చేసిన రోజున మళ్ళీ బయటికొచ్చింది. ఆ మధ్యాహ్నం గుండీలు పట్టని కోటుతో, గుప్పిట్లో మట్టి పట్టుకుని, దాన్ని వెయ్యలేక గుంట అంచున నిలబడిపోయిన తండ్రిని కీర్తన మర్చిపోలేదు.

"ఆ కోటు వద్దు నాన్నా."

"ఏమ్మా?"

"వద్దంటే వద్దు. పెళ్ళిబట్టలు నేను పంపిస్తా. మంచి సూటు కుట్టిస్తా. కొర్నేలు అంకుల్ మే పదో తారీకున సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేత పంపిస్తా."

కొర్నేలు అదే ఆసుపత్రిలో స్టోర్సు చూసే చీరాల మనిషి. ఎవరి పార్సిలైనా కాదనకుండా పట్టుకెళతాడు.

"ఎందుకమ్మా నీకు శ్రమ" అన్నాడు గాని, ఆయన గొంతులో కొంచెం తేలికైనట్టు వినిపించింది.

*

బుధవారం సాయంత్రాలు ఆసుపత్రి బస్సు నర్సులను బజారుకు తీసుకెళుతుంది. వార్డెను తలలు లెక్కపెట్టి ఎక్కిస్తుంది, రెండు గంటల తర్వాత మళ్ళీ లెక్కపెట్టి ఎక్కించుకుంటుంది. ఆ బుధవారం కీర్తన ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా మీద స్వెట్టరు కూడా వేసుకుంది. కొండల మీది ఊరు కావడంతో ఏప్రిల్ చివర కూడా సాయంత్రానికి మబ్బు పట్టి చలిగాలి కొడుతోంది.

సూట్లు కుట్టే దర్జీ దుకాణాలున్న వీధి ఆమెకు తెలుసు. అద్దాల వెనక కోట్లు వేలాడుతున్నాయి. కానీ అవి మగవాళ్ళ దర్జీ దుకాణాలు. ఆడవాళ్ళు లోపలికి అడుగు పెట్టరు. పక్కనే స్నేహితురాలిని నిలబెట్టుకుని, గుమ్మం బయట నుంచే పిలిచింది. మెడలో టేపు వేసుకున్న పాకిస్తానీ ముసలాయన బయటికొచ్చి, ఆమె చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"మా నాన్నకి. కొంచెం పొడుగు, కొంచెం బొద్దు" అంది వచ్చీరాని హిందీలో.

ఆయన గడ్డం సవరించుకుని, "బేటీ, కొంచెం పొడుగు, కొంచెం బొద్దు అంటే కత్తెరకి తెలియదు. నాప్ లావో" అన్నాడు. కొలతలు తెమ్మన్నాడు. మనిషి లేకపోతే ఆయన పాత కోటైనా తెమ్మన్నాడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక తండ్రికి ఫోను చేసింది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"నా కొలతలు నాకేం తెలుసమ్మా. డిపోలో ఖాకీ గుడ్డ ఇచ్చేవాళ్ళు, మీ అమ్మ తీసుకెళ్ళి కుట్టించుకొచ్చేది. అన్నీ మీ అమ్మకే తెలుసు."

తర్వాత ఆయనే, అడగొచ్చో లేదో అన్నట్టు, "టీచరు గారి నంబరిస్తా. ఆవిణ్ణి అడుగుతావా?" అన్నాడు.

*

నంబరు రాసుకున్నాక చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం హాస్టలు మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఇక తప్పదని నొక్కింది.

"వందనాలండి. నేను కీర్తనని. యిర్మీయా గారి అమ్మాయిని."

అటు ఇంటి దగ్గర ట్యూషను పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. పన్నెండో ఎక్కం మధ్యలో ఆగింది. "మీరు బయట ఆడుకోండర్రా" అన్న మాట, పలకల చప్పుడు వినిపించాయి. తర్వాత నెమ్మదైన గొంతు పలికింది. "వందనాలమ్మా. మీరు చేస్తారని నాన్నగారు చెప్పారు. రెండు రోజులుగా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను."

తనకంటే పద్దెనిమిదేళ్ళు పెద్దావిడ తనను మీరనడం కీర్తనకు ఇబ్బందిగా తోచింది. సంగతి చెప్పింది.

"ఆయన చొక్కా ఒకటి మా ఇంట్లో ఉంది" అని, వెంటనే, "గుండీ ఊడిందని కుట్టడానికిచ్చారు" అని సర్దుకుంది షాలిని. "టేపు లేదు, జానతో కొలిచి చెప్పనా?" కాసేపటికి, "భుజాల వెడల్పు రెండు జానల మీద బెత్తెడు. పొడవు నాలుగు జానలు" అంది.

కీర్తన రాసుకుని, కాగితం వంక చూసుకుంది. "మీ జాన ఎంత ఉంటుందండీ?"

అటు నుంచి నవ్వు వినిపించింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. "అవును కదూ. ఉండండి, స్కేలుంది. ఏడంగుళాలకు కొంచెం తక్కువ. నా చేతులు చిన్నవేనమ్మా."

కీర్తనకూ నవ్వొచ్చింది. అక్కడితో ఫోను పెట్టేస్తే బాగానే ఉండేది. కానీ షాలిని ఆగి ఆగి, "మీకు కోపం రాకపోతే ఒక మాట చెప్పనా? కోటు వద్దేమో" అంది.

"ఎందుకని?"

"ఏటా ఆగస్టులో లీలమ్మ గారి రోజున ఆయన ఆ కోటు తొడుక్కుని సమాధుల తోటకి వెళతారు. డ్యూటీ లేకపోయినా మా బస్సే ఎక్కుతారు, తోట ఆ దారిలోనే ఉంది కదా. సున్నం డబ్బా, కుంచె చేత్తో పట్టుకుని. అంత ఎండలోనూ కోటు విప్పరు. ఆయనకి కోటంటే మీ అమ్మగారేనమ్మా. ఇంకో కోటు తొడుక్కుని నా పక్కన నిలబడమంటే ఆయన కాదనరు గాని, ఆయన మనసు ఎక్కడుంటుందో నాకు తెలుసు. అందుకని పంచె కట్టుకుంటే బాగుంటుందేమో అనిపించింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ పంచెతోనే చర్చికి వచ్చేవారట. ఖాకీ ఉద్యోగంలో పడి తను జన్మలో పంచె కట్టలేదని రెండు మూడుసార్లు అన్నారు."

కీర్తన చేతిలో తడి బట్ట అలాగే ఉండిపోయింది. ఆగస్టులో ఆయన సమాధికి సున్నం వేస్తాడని ఆమెకు తెలియదు. ఫోనులో ఎన్నడూ చెప్పలేదు.

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"పదకొండేళ్ళ నుంచీ నాన్నగారి బస్సులోనే బడికి వెళుతున్నాను కదమ్మా."

పదకొండేళ్ళు. అందులో ఏడేళ్ళు అమ్మ బతికే ఉంది. కీర్తన తడి బట్ట బకెట్లో పడేసింది. "నాకు డ్యూటీ టైమైందండీ" అని ఫోను పెట్టేసింది. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు.

*

నాలుగు రోజులు ఆమె ఎవరికీ ఫోను చెయ్యలేదు. వార్డులో బాలింతలకు మందులిస్తున్నా, పిల్లల బరువులు రాస్తున్నా బుర్రలో ఆ బస్సే తిరుగుతోంది. ముందు సీట్లో టీచరు గారు. టికెట్టు చించి ఇస్తున్న నాన్న. ఇంటి దగ్గర కాళ్ళు వాచిపోయి మంచంలో అమ్మ. అలాంటిదేమీ ఉండదని తెలుసు. తెలిసినా ఆ ఆలోచన ఆగడం లేదు.

ఐదో రోజు యూనిఫారం చంక దగ్గర చిరిగితే కుట్టు గదికి వెళ్ళింది. ఆసుపత్రి దుప్పట్లు, రోగుల గౌనులు, డాక్టర్ల తెల్లకోట్లు కుట్టే చిన్న గది అది. దాన్ని రహమత్‌బీ చూస్తుంది. రాయచోటి మనిషి. ఎవరింట్లోనో పనిమనిషిగా ఈ దేశం వచ్చి, ఆ ఇంటివాళ్ళు ఊరు మారితే ఈ ఆసుపత్రిలో చేరి పన్నెండేళ్ళుగా ఇదే మిషను తొక్కుతోంది.

"ఏమ్మే, మొగం అట్ల పెట్టుకున్యావు?" అంది సూదిలో దారం ఎక్కిస్తూ.

కీర్తన మొదట ఏం లేదంది. తర్వాత మొత్తం చెప్పేసింది. కోటు సంగతి, పంచె సంగతి, పదకొండేళ్ళ సంగతి. రహమత్‌బీ చంక కుట్టు పూర్తయ్యేదాకా తలెత్తలేదు. దారం పళ్ళతో తెంపి, గోడకు వేలాడుతున్న తెల్లకోటు చూపించింది.

"అది కంటి డాక్టరుది. పన్నెండేండ్ల నుంచి ఆయప్ప కోట్లు నేనే కుడ్తాండా. ఆయప్ప పెండ్లాం పేరు తెలుసు నాకు. ఆయమ్మకి మోకాళ్ళ నొప్పులని తెలుసు. ఆయప్ప జేబులో ఖర్జూరం గింజలు ఏసుకుంటాడని తెలుసు. అయితే ఏమి?"

కీర్తన ఆ తెల్లకోటు వంక చూసింది.

"మీ నాయన ఆ టీచరమ్మకి ఏం చెప్పుకున్యాడు? మీ అమ్మ ముచ్చట చెప్పుకున్యాడు. అదీ ఆయమ్మ ఇన్నది. నాకు తెలిసింది అంతే. సరే గాని, గుడ్డ నేను కుడ్తా. ఆ సూటు నాకు రాదు. లాల్చీ అయితే కుడ్తా. కొలతలు చెప్పు."

కీర్తన కాగితం తీసి జానల లెక్క చదివింది. రహమత్‌బీ ఒప్పుకోలేదు.

"చొక్కా కొలతలు కాదు పాపా, మనిషి కొలతలు కావల్ల. చెప్తా ఇను." మిషను మీద మోచేతులు ఆనించుకుంది. "నా కొడుకు నిఖాకి షేర్వానీ ఈడనే, ఈ మిషను మీదనే కుట్టినా. నాలుగేండ్ల కిందట ఊరికి పొయ్యొచ్చినప్పుడు వాడు ఎట్లున్నాడో ఆ లెక్కలో కుట్టినా. గోధుమ రంగు, మెడకాడ జరీ. నెల పట్టింది. ఫోటోలు వచ్చినాయి, చూస్తే గుండీలు ఒగిటీ పెట్టలేదు. దండ అడ్డమేసినారు. వాడు పెరిగినాడు గదా. బిగువైందని ఒగరూ నాతో చెప్పలా. చానా బాగుండాది అమ్మీ, అందరూ మెచ్చుకున్యారు, అన్యాడు. నేనూ అవున్నాయనా అన్యా."

ఆమె ఏడవలేదు. టేపు చుట్టి డబ్బాలో పెట్టి మూత వేసింది.

"మళ్ళా ఫోను చెయ్యి. నిలబెట్టి కొలిపిచ్చు" అంది.

*

గుడ్డ కొనడానికి ఆ బుధవారం రహమత్‌బీ కూడా బస్సెక్కింది. కీర్తనకు పట్టు లాల్చీ మీద మనసు. చీరలమ్మే హైదరాబాదీ దుకాణంలో మీగడ రంగు పట్టు చూపించమంది. దుకాణదారు చీరకా, జాకెట్టుకా అన్నాడు. మగవాళ్ళకు అనేసరికి ఆశ్చర్యపోయాడు. రహమత్‌బీ అబాయా కొంగు చాటున నవ్వి, "మాలో మొగోళ్ళు పట్టు తొడగరు పాపా. ఈడ మొగోళ్ళ పట్టు అడిగితే యాడుంటాది?" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

మూడు దుకాణాల అవతల, ఇక్కడి మగవాళ్ళు తొడిగే పొడవాటి తోబులకు గుడ్డ అమ్మే చోటికి తీసుకెళ్ళింది. లోపల నేల నుంచి కప్పుదాకా తెల్లటి తానులే. కీర్తన జన్మలో ఇన్ని తెలుపులు ఒక్కచోట చూడలేదు. పాల తెలుపు, మంచు తెలుపు, నీలం మందు ముంచినట్టున్న తెలుపు, ఎండుకొబ్బరి తెలుపు. యెమెనీ కుర్రాళ్ళ మీద కేకలేస్తున్న దుకాణం పెద్ద, రహమత్‌బీ అరబ్బీ విని దారికొచ్చి, జపాను నుంచి వచ్చిన మేలురకం తానులు దించి బల్ల మీద పరిచాడు. చేత్తో నలిపి వదిలితే ముడత పడకుండా జారిపోతోంది.

"ఇది తీసుకుందాం" అంది కీర్తన, అన్నిటికంటే తెల్లగా మెరుస్తున్నది చూపించి. మళ్ళీ తనే వద్దంది. తండ్రిది బాగా నల్లటి ఛాయ. క్రిస్మసుకు ఆయన తెల్ల చొక్కా తొడిగినప్పుడల్లా, "పళ్ళూ చొక్కా తప్ప ఏం కనపడట్లేదు, ఒకసారి నవ్వండి ఎక్కడున్నారో చూస్తాను" అని అమ్మ ఏడిపించేది. ఆయన నిజంగానే నవ్వేవాడు. ఆ మాట రహమత్‌బీకి చెబుతూ కీర్తన నవ్వింది, చెప్పడం అయ్యేసరికి కళ్ళు తుడుచుకుంది.

చివరికి కొంచెం పసుపు ఛాయ ఉన్న తెలుపు తీసుకున్నారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూస్తే అప్పుడే తీసిన వెన్నలా ఉంది.

*

మర్నాడు పొద్దున్నే కీర్తన షాలినికి ఫోను చేసింది. క్షమించమని అడగాలని మాటలు కూర్చుకుంది గాని, అటు నుంచి "కీర్తనమ్మా, డ్యూటీ ఎక్కువైందా? ఒంట్లో బాగుందా?" అని వినిపించేసరికి ఆ మాటలన్నీ పోయాయి.

"బాగున్నానండీ. మీరన్నదే బాగుంది. పంచే కట్టుకోమనండి. లాల్చీ నేను పంపిస్తా. పంచె, కండువా మీరే ఎంచండి, అంచు మీకు నచ్చింది తీసుకోండి."

"నిజంగానా?"

"నిజంగా. ఆ కోటు మాత్రం పాడవకుండా చూడమని చెప్పండి. ఆగస్టుకి కావాలి గదా."

"చెబుతానమ్మా" అంది షాలిని, చాలా మెల్లగా.

"ఇంకొక్క పని. మా దర్జీ మనిషిని నిలబెట్టి కొలవమంటోంది."

"ఆయన ఇక్కడే ఉన్నారు. శుభలేఖలు చూపించడానికి వచ్చారు, మా అమ్మతో వరండాలో మాట్లాడుతున్నారు. పక్కింట్లో టేపు తెప్పిస్తాను. ఫోను పెట్టెయ్యొద్దు."

కీర్తన ఆసుపత్రి కాగితం వెనకవైపు తిప్పి, పెన్ను పట్టుకుని కూర్చుంది. గడప దాటుతున్న చెప్పుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. తండ్రి గొంతు, "ఇప్పుడా? ఇక్కడా? అందరూ చూస్తన్నారండీ" అంది.

"చూడనివ్వండి. చేతులు చాపండి. ఇంకా. బస్సులో జనం ఎక్కువైతే చాపుతారే, అట్లా."

ఎవరో పిల్లలు కిలకిలా నవ్వారు.

"భుజం పదిహేడున్నర" అంది షాలిని ఫోనులోకి. "చెయ్యి ఇరవై మూడు. ఛాతీ నలభై రెండు. కండక్టరు గారూ, పొట్ట లోపలికి లాక్కోకండి. పెళ్ళిరోజంతా అట్లా ఉండలేరు."

"లాక్కోలేదండీ."

"లాక్కున్నారు. వదలండి. ఆ. నలభై ఒకటి."

"చక్కిలిగింత పెడుతున్నారు మీరు" అన్నాడు ఆయన. అని, నవ్వాడు.

కీర్తన పెన్ను ఆగిపోయింది. ఆయన నవ్వు ఎలా ఉంటుందో ఆమె మర్చిపోయింది. మొదట ముక్కుతో చిన్న చప్పుడు, తర్వాత ఆపుకోలేక గొంతంతా పగిలినట్టు వచ్చే నవ్వు. అమ్మ ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ అది లేదు. ఫోనులో ఆయన ఎన్నోసార్లు నవ్వాడు గాని, అది కూతురి కోసం నవ్విన నవ్వు. ఇది ఎవరి కోసమూ కాదు, దానంతటదే వచ్చింది.

"కీర్తనమ్మా, విన్నారా? నలభై ఒకటి" అంది షాలిని.

"విన్నానండీ" అని రాసుకుంది. కాసేపాగి, "నన్ను మీరు అనకండి. నువ్వు అనండి" అంది.

*

లాల్చీ మూడు రోజుల్లో అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ రహమత్‌బీ మిషను తొక్కుతుంటే కీర్తన పక్కన కూర్చుని గుండీ కాజాలు కుట్టింది. పిల్లల బొడ్డుతాడుకు ముడులేసే వేళ్ళు కాబట్టి కుట్లు సన్నగా, దగ్గరగా పడ్డాయి. మెడపట్టీకి కొంచెం బంగారు దారం వేద్దామంది కీర్తన. కాలరు లోపలి వైపు వేస్తే ఒరుసుకుంటుందని రహమత్‌బీ బయట అంచునే వేసింది. పొట్ట దగ్గర ఒక అంగుళం వదులు పెట్టింది. "పెండ్లి అన్నం తినల్ల గదా" అంది.

కొర్నేలు పెట్టె సర్దుకునే రోజున వచ్చి, చేతులు కడుక్కుని మరీ పార్సిలు అందుకున్నాడు. సెలవుకు వెళ్ళి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితాలతో పాటు చేతిసంచీలోనే పెట్టుకుంటానని, పెద్ద పెట్టెలో వెయ్యనని మాటిచ్చాడు. పదకొండో తారీకు సాయంత్రానికి అది బాపట్ల చేరింది. చేరిందని తండ్రి ఫోను చేసి, తొడిగి చూసుకున్నానని చెప్పి, ఇంకేదో చెప్పబోయి చెప్పలేక, "మిషను కుట్టినావిడకి నా వందనాలు చెప్పమ్మా" అన్నాడు.

పద్దెనిమిదో తారీకు పొద్దున ఏడింటికి కీర్తన డ్యూటీ ఎక్కేసరికి అక్కడ తొమ్మిదిన్నర. చర్చిలో గంట కొట్టి ఉంటారనుకుంది. ఆ రోజు వార్డులో రెండు కాన్పులయ్యాయి. ఒక బిడ్డ వెంటనే ఏడవకపోతే పాదం మీద తట్టి తట్టి ఏడిపించేసరికి ఆమెకే చెమట పట్టింది. పదిన్నరకు టీ విరామం దొరికింది. మందుల గదిలో తలుపు వేసుకుని ఫోను చేసింది.

యిర్మీయా ఎత్తాడు. వెనక అంతా గోల, గిన్నెల చప్పుడు. "అయిపోయిందమ్మా. బాగా జరిగింది. పాస్టరు గారు నీ పేరు కూడా చెప్పి ప్రార్థన చేశారు."

"పంచె నిలబడిందా నాన్నా?"

"పొద్దున మూడుసార్లు జారింది. నాకు కట్టడం రాదు, వచ్చినోళ్ళకీ రాదు. చివరికి మన ఇంటెదురు ముత్యవ్వ లేదూ, ఆ ముసలమ్మ కర్ర పక్కన పెట్టి, తన మొగుడికి అరవై ఏళ్ళు కట్టానని చెప్పి గోచీ పోసి బిగించింది. అయినా భయమేసి లోపల డ్యూటీ బెల్టు పెట్టుకున్నా. లాల్చీ కింద కనపడలేదులే." ఒక క్షణం ఆగాడు. "మీ తాత లాగా ఉన్నానంట. ముత్యవ్వ అంది."

"ఉంటావు" అంది కీర్తన. "నీకు ఎలా ఉంది నాన్నా?"

"హాయిగా ఉందమ్మా" అన్నాడు. బట్టల గురించి అన్నాడో, దేని గురించి అన్నాడో ఆమె అడగలేదు.

తర్వాత ఫోను షాలిని చేతికి వచ్చింది. ఇద్దరూ కాసేపు అన్నం గురించి, ఎండ గురించి మాట్లాడుకున్నారు. వచ్చినవాళ్ళకు మజ్జిగ చాల్లేదట, పక్కింటి నుంచి తెప్పించారట. సాయంత్రం కీర్తన వాళ్ళ ఇంటికి వెళుతున్నామంది షాలిని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"ఆ ఇంట్లో నేను ఏదీ కదిలించను కీర్తనా. మీ అమ్మగారి వస్తువులు ఎక్కడివక్కడే ఉంటాయి. నువ్వొచ్చాక నీ ఇష్టం."

"మీ చీరలు ఎక్కడ పెట్టుకుంటారు?"

"నా ట్రంకు పెట్టె ఉందిగా. మంచం కిందకి పడుతుంది."

కీర్తన మందుల బల్లకు ఆనుకుని నిలబడింది. ఇంట్లో పెద్దగది, కిటికీ పక్క ఆకుపచ్చ బీరువా, తలుపు తీస్తే వచ్చే వాసన ఆమెకు తెలుసు. పై అరలో అమ్మ పట్టుచీరలు మూడు, నడిమి అరలో నేతచీరలు, పక్కన హేంగరుకు కోటు. కింది అరలో తన స్కూలు పుస్తకాలు, ఎవరికీ అక్కర్లేని పాత దుప్పట్లు.

"పెట్టెలో పెడితే చెమ్మకి పాడైపోతాయి" అంది. "బీరువాలో కింది అర ఖాళీ చెయ్యండి. నా పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్యండి, మీ బడిపిల్లలకి పనికొస్తాయి. తలుపు కొంచెం పట్టేస్తది, పైకెత్తి లాగాలి. తాళంచెవి నాన్నని అడగండి పిన్నీ."

గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో భోజనానికి పిలవడం వినిపిస్తూనే ఉన్నాయి. తర్వాత షాలిని, "పైకెత్తి లాగాలా?" అంది.

"ఆ. కొంచెం పైకెత్తి."

"సరేనమ్మా" అంది షాలిని.

వార్డులో బిడ్డ ఏడుస్తోంది. కీర్తన ఫోను జేబులో వేసుకుని, ముఖం కడుక్కుని వెళ్ళింది.